ఎవరికి ఏం వినపడాలి? వర్చువల్ మిక్సర్ వేసుకునే ముందు తేల్చుకోవలసిన లెక్క

తిరుపతి బైరాగిపట్టెడలో నాకు తెలిసిన ఒక అక్క పొద్దున ఆరింటికి ఆన్‌లైన్‌లో సంగీతం నేర్పిస్తుంది. వేసవి రోజుల్లో ఇక్కడ ఆరంటే అమెరికా తూర్పు తీరంలో ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర, పిల్లలు అన్నం తిని తీరిగ్గా కూర్చునే వేళ. అక్క లాప్‌టాప్‌లోనే తంబూరా యాప్ పెట్టుకుంటుంది. ముందు యూఎస్‌బీ మైక్, చెవులకు హెడ్‌ఫోన్. ఒకరోజు ఫోన్ చేసింది. "తమ్ముడూ, నేను శ్రుతి పెట్టే ఉండాను. నాకు బాగా వినపడతా ఉంది. ఆ పాపకు మాత్రం రావడం లేదంట. శ్రుతి లేకుండా ఆ బిడ్డ ఎట్ల పాడేది?"

వెళ్లి చూశాను. తంబూరా నేరుగా హెడ్‌ఫోన్‌లోకి పోతోంది. మైక్‌కు అది అందే దారే లేదు. అంతకు ముందు వారం హెడ్‌ఫోన్ తీసి స్పీకర్లో పెట్టి చూసిందట. అప్పుడు మైక్‌లోకి వెళ్లింది గానీ, మధ్యలో జూమ్ తుడిచేసింది. నాయిస్ తగ్గించే ప్రోగ్రాం మాటనూ రొదనూ ఎలా వేరు చేస్తుందో తెలిస్తే ఇందులో వింత కనిపించదు. మాట పెరుగుతుంది, తగ్గుతుంది, ఆగుతుంది. ఫ్యాన్ రొద ఒకే తీరుగా సాగుతూ ఉంటుంది. తంబూరా కూడా ఒకే తీరుగా సాగుతుంది కదా, దాన్నీ ఫ్యాన్ కిందే జమ కట్టింది. పైగా అది స్పీకర్ నుంచి వచ్చిన శబ్దం కాబట్టి ఎకో తీసేసే భాగం కూడా పట్టుకుంది. రెండు జల్లెడలు దాటి ఆ పాప దాకా తంబూరా ఎలా వెళ్తుంది?

నాకు బాధ కలిగించింది అది కాదు. ఆ సమస్య కోసం అక్క ఎవరిదో వీడియో చూసి వాయిస్‌మీటర్ పొటాటో అనే వర్చువల్ మిక్సర్, అంటే కంప్యూటర్ లోపలే శబ్దాలను కలిపి పంచే సాఫ్ట్‌వేర్, వేసుకుంది. ఎనిమిది ఇన్‌పుట్లు, ఎనిమిది అవుట్‌పుట్లు, స్క్రీన్ నిండా మెరిసే బటన్లు. నాలుగు రోజులు క్లాసు మానుకుని దానితో కుస్తీ పట్టింది. చివరికి ఆమెకు అందులో ఒక్క బటన్ కూడా అవసరం లేదని తేలింది. అలాంటి నాలుగు రోజులు ఇంకెవరికీ పోకూడదని ఇది రాస్తున్నాను.

ముందు కాగితం, తర్వాత సాఫ్ట్‌వేర్

కంప్యూటర్‌లో శబ్దాన్ని తిప్పడం మడికి నీళ్లు కట్టడం లాంటిది. ఏ మడవ తెరవాలి, ఏది మూయాలి అన్నదే పని. పార ఎంత పెద్దదన్నది తర్వాత సంగతి. కాబట్టి ఒక కాగితం తీసుకుని ఎడమ వైపు మీ దగ్గర పుట్టే శబ్దాలు రాయండి: మీ మైక్, పక్కనున్న వాళ్ల మైక్, తంబూరా లేదా పాట, వీడియో, జూమ్‌లో అవతలివాళ్ల గొంతు. కుడి వైపు వినేవాళ్లను రాయండి: మీ చెవులు, అవతలివాళ్లు, రికార్డింగ్, యూట్యూబ్ లైవ్. ఇప్పుడు ఎవరికి ఏం వెళ్లాలో గీతలు గీయండి.

ఈ గీతల్లో రెండు చోట్ల జాగ్రత్త. అవతలివాళ్ల గొంతు తిరిగి అవతలివాళ్లకే వెళ్లకూడదు. వెళ్లిందంటే వాళ్ల మాట వాళ్లకే అర సెకను ఆలస్యంగా వినపడి నోరు తడబడుతుంది. ఆన్‌లైన్ క్లాసుల్లో "సార్, ఎకో వస్తోంది" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఈ ఒక్క తప్పు గీతే. రెండోది, మీ మైక్ శబ్దం మీ స్పీకర్లోకి రాకూడదు. వస్తే కూత పెడుతుంది.

గీతలు గీశాక మీకు ఏది కావాలో చాలామటుకు కాగితమే చెప్పేస్తుంది.

ఏమీ వేసుకోకుండానే జరిగే పని

వినేవాళ్లు ఒకే చోట ఉండి, మీ మైక్‌తో పాటు కంప్యూటర్లో మోగే శబ్దం కూడా వాళ్లకు వెళ్తే చాలు అనుకుంటే, జూమ్‌లో ఉన్నదే సరిపోతుంది. షేర్ నొక్కినప్పుడు అడ్వాన్స్‌డ్ అనే భాగంలో కంప్యూటర్ ఆడియో మాత్రమే పంచుకునే అవకాశం ఉంది. స్క్రీన్ చూపించనక్కర్లేదు. అలా పంపిన శబ్దం మైక్ దారిలో పోదు కాబట్టి నాయిస్ తగ్గించే జల్లెడ దాన్ని ముట్టుకోదు. అవతలివాళ్ల గొంతును వాళ్లకే తిప్పి పంపకుండా జూమ్ తనే చూసుకుంటుంది. అక్కకు చేసింది ఇంతే: తంబూరాకు ఆ దారి, గొంతుకు ఒరిజినల్ సౌండ్ అనే సెట్టింగ్. సంగీతం నేర్పేవాళ్లకు ఆ రెండో సెట్టింగ్ తప్పనిసరి. అది లేకపోతే సాగదీసిన కార్వైని (ఒకే స్వరం మీద నిలబడే చోటును) కూడా జూమ్ మధ్యలో నొక్కేస్తుంది.

గూగుల్ మీట్‌లో అయితే క్రోమ్ ట్యాబ్ షేర్ చేస్తూ ట్యాబ్ ఆడియో టిక్ పెట్టాలి. ఆ ట్యాబ్ శబ్దం మాత్రమే వెళ్తుంది. ఒక విధంగా అదే మేలు, ఎందుకంటే జూమ్ పద్ధతిలో వాట్సాప్ టింగుమన్నా అందరికీ వినపడుతుంది. క్లాసుకు ముందు నోటిఫికేషన్లు ఆపుకోండి.

విండోస్ సెట్టింగుల్లోని వాల్యూమ్ మిక్సర్‌లో ఏ ప్రోగ్రాం శబ్దం ఏ స్పీకర్లోకి పోవాలో విడివిడిగా పెట్టుకోవచ్చు. బ్రౌజర్ టీవీ స్పీకర్లోకి, జూమ్ హెడ్‌ఫోన్‌లోకి. దీనికోసమే మిక్సర్ వేసుకున్నవాళ్లను చూశాను. విండోస్‌లోనే ఉందని తెలియక.

వీబీ కేబుల్: ఒకే ఒక్క కాలువ

వర్చువల్ కేబుల్ అంటే కంప్యూటర్‌లో లేని తీగను ఉన్నట్టు విండోస్‌ను నమ్మించడం. ఒక కొస స్పీకర్‌లా కనిపిస్తుంది, దాని పేరు కేబుల్ ఇన్‌పుట్. రెండో కొస మైక్‌లా కనిపిస్తుంది, దాని పేరు కేబుల్ అవుట్‌పుట్. ఇందులో పోసింది అందులో వస్తుంది, అంతే. ఈ పేర్ల దగ్గరే అందరూ తికమకపడతారు. ఇన్‌పుట్ అన్నది స్పీకర్ల జాబితాలో ఎందుకుంది అని. కేబుల్ వైపు నుంచి ఆలోచిస్తే సరిపోతుంది: మీరు కేబుల్‌లోకి పోసే చోటు దాని ఇన్‌పుట్.

ఒక ప్రోగ్రాం శబ్దాన్ని ఇంకో ప్రోగ్రాంకు మైక్‌గా ఇవ్వాలంటే ఇంతకంటే తేలికైనది లేదు. ఉచితంగా వాడుకోవచ్చు, నచ్చితే చేసినవాళ్లకు డబ్బు పంపవచ్చు. దీన్ని తయారు చేసిన వీబీ ఆడియో వాళ్లే వాయిస్‌మీటర్ కూడా చేశారు. కేబుల్‌లో వాల్యూమ్ పెంచి తగ్గించే మీట ఉండదు, రెండు శబ్దాల పాళ్లు చూసుకునే వీలుండదు. శబ్దం కేబుల్‌లోకి పోతే మీ చెవికి రాదు. ఇవి ఇబ్బంది కాకపోతే ఇక్కడే ఆగిపోండి.

ఓబీఎస్: రికార్డింగ్ ముఖ్యమైతే

పాఠాలు రికార్డు చేసేవాళ్లకూ, యూట్యూబ్‌లో లైవ్ ఇచ్చేవాళ్లకూ నా మొదటి సలహా ఓబీఎస్ స్టూడియో. ఉచితం. విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. దాన్ని వీడియో పనిముట్టుగా చూస్తారు గానీ లోపల మంచి ఆడియో మిక్సర్ ఉంది. 2022లో వచ్చిన 28వ వెర్షన్ నుంచి విండోస్‌లో ఏ ప్రోగ్రాం శబ్దం కావాలంటే దాన్ని మాత్రమే పట్టుకునే సోర్స్ (శబ్దం గానీ బొమ్మ గానీ ఓబీఎస్‌లోకి వచ్చే దారి) కూడా చేరింది. బ్రౌజర్ ఒకటి, జూమ్ ఒకటి, గేమ్ ఒకటి, వేటికవే మీటలు. అంతకు ముందు ఈ పని కోసమే చాలామంది వర్చువల్ మిక్సర్లు వేసుకునేవాళ్లు. పాత వీడియోలు ఇప్పటికీ అదే చెబుతుంటాయి.

మైక్ సోర్స్‌కు ఫిల్టర్లు పెట్టుకోవచ్చు. నాయిస్ తగ్గించేది, మాట లేనప్పుడు మైక్ మూసే గేట్, గొంతు హెచ్చుతగ్గులు సర్దే కంప్రెసర్, హద్దు దాటనివ్వని లిమిటర్ అన్నీ అందులోనే ఉన్నాయి. మాట్లాడేటప్పుడు మీటర్ పసుపు భాగంలో, అంటే మైనస్ 20కీ మైనస్ 9 డెసిబెల్స్‌కీ మధ్య ఆడుతుంటే బాగుంటుంది. ఎరుపులోకి అప్పుడప్పుడు తగిలి రావచ్చు, అక్కడే ఉండిపోకూడదు.

ఒక తప్పు చెబుతాను, మీరు చేయకండి. హరికథ చెప్పే ఒక పెద్దాయనతో గంటసేపు మాట్లాడి రికార్డు చేశాను. మధ్యలో ఆయన పాత క్యాసెట్టు నుంచి ఎక్కించిన ఆడియో ముక్కలు లాప్‌టాప్‌లో మోగిస్తూ, వాటి గురించి చెప్పించాను. అన్నీ ఒకే ట్రాక్‌లో పడ్డాయి. ఇంటికొచ్చి వింటే పాట పెద్దగా ఉంది, దాని మీద ఆయన చెప్పిన మాట సగం మునిగిపోయింది. కలిసిపోయిన పాలూ నీళ్లూ విడదీసినట్టు విడదీయాలి, నా చేత కాలేదు. ఆయన్ను మళ్లీ కూర్చోబెట్టి చెప్పించే అవకాశం రాలేదు. ఓబీఎస్ ఆరు ట్రాకుల దాకా విడివిడిగా రికార్డు చేస్తుందని నాకు అప్పటికే తెలుసు. టిక్ పెట్టలేదు, అంతే. అడ్వాన్స్‌డ్ ఆడియో ప్రాపర్టీస్ తెరిచి మైక్‌కు ఒక ట్రాక్, పాటకు ఒక ట్రాక్ ఇచ్చి, అవుట్‌పుట్ సెట్టింగుల్లో ఆ ట్రాకుల నెంబర్లు కూడా టిక్ పెట్టండి. అర నిమిషం పని.

ఇంకొకటి మన ఊళ్లకు ముఖ్యం. రికార్డింగ్ ఫార్మాట్ ఎంకేవీ పెట్టుకోండి. మామూలు ఎంపీ4లో రికార్డు అవుతుండగా కరెంటు పోతే ఫైలు మొత్తం తెరుచుకోకుండా పోతుంది. ఎంకేవీ అయితే పోయిన క్షణం దాకా దక్కుతుంది. తర్వాత ఓబీఎస్‌లోనే ఎంపీ4గా మార్చుకోవచ్చు.

ఓబీఎస్‌కు ఒక లోటుంది. దాని వర్చువల్ కెమెరా బొమ్మను మాత్రమే జూమ్‌కు ఇస్తుంది, శబ్దాన్ని ఇవ్వదు. ఓబీఎస్‌లో కలిపిన శబ్దం జూమ్‌కు వెళ్లాలంటే పైన చెప్పిన వీబీ కేబుల్ కావాలి. ఓబీఎస్ ఆడియో సెట్టింగుల్లో మానిటరింగ్ డివైస్‌గా కేబుల్ ఇన్‌పుట్ పెట్టి, కావలసిన సోర్సులకు మానిటర్ అండ్ అవుట్‌పుట్ ఎంచుకుని, జూమ్‌లో మైక్‌గా కేబుల్ అవుట్‌పుట్ పెట్టాలి. ఈ జంటతో చాలామంది పని అయిపోతుంది.

వాయిస్‌మీటర్: నిజంగా మిక్సర్ కావలసినవాళ్లకు

మరి ఎవరికి కావాలి? చిత్తూరులో ఇద్దరు సార్లు కలిసి లెక్కలు చెబుతారు. ఒకరు బోర్డు దగ్గర కాలర్ మైక్‌తో, ఇంకొకరు టేబుల్ దగ్గర యూఎస్‌బీ మైక్‌తో. జూమ్‌లో పిల్లలు డౌట్లు అడుగుతారు. అదే సమయంలో యూట్యూబ్‌లో లైవ్ నడుస్తుంది, అక్కడివాళ్లకు ఆ డౌట్లూ వినపడాలి. జూమ్ ఒక మైక్‌నే తీసుకుంటుంది. ఇక్కడ రెండు మైకులున్నాయి, వినేవాళ్లు మూడు రకాలు, ముగ్గురికీ వేర్వేరు పాళ్లు. కాగితం మీద గీతలు ఇలా చిక్కుపడినప్పుడు వాయిస్‌మీటర్‌కు వెళ్లాలి. అది విండోస్‌లో మాత్రమే నడుస్తుంది.

అందులో మూడు రకాలు. మామూలు వాయిస్‌మీటర్‌లో అసలు పరికరాలకు రెండు ఇన్‌పుట్లు, ప్రోగ్రాంలకు ఒక వర్చువల్ ఇన్‌పుట్. బనానాలో మూడు, రెండు. పొటాటోలో ఐదు, మూడు. అవుట్‌పుట్లలో ఏ అనేవి నిజమైన స్పీకర్లు, హెడ్‌ఫోన్లు. బీ అనేవి వేరే ప్రోగ్రాంలకు మైక్‌లా కనిపించే కొసలు. మామూలు దాంట్లో బీ ఒకటే, బనానాలో రెండు, పొటాటోలో మూడు.

నేను బనానానే చెబుతాను, దానికి కారణం ఉంది. మామూలు దాంట్లో వర్చువల్ ఇన్‌పుట్ ఒకటే కాబట్టి వీడియో శబ్దమూ, జూమ్ పిల్లల గొంతులూ ఒకే మీట కింద కలిసిపోతాయి. వీడియోను పిల్లలకు పంపాలంటే వాళ్ల గొంతు కూడా వాళ్లకే వెళ్తుంది. కాగితం మీద వద్దనుకున్న గీత అదే కదా. బనానాలో రెండు వర్చువల్ ఇన్‌పుట్లు ఉన్నందున ఆ రెండూ విడిపోతాయి.

సార్ల దగ్గర పెట్టింది ఇది. రెండు మైకులు మొదటి రెండు ఇన్‌పుట్లలో. బ్రౌజర్ శబ్దం మొదటి వర్చువల్ ఇన్‌పుట్‌లోకి, దాని పేరు వాయిస్‌మీటర్ ఇన్‌పుట్. జూమ్ స్పీకర్‌గా రెండో వర్చువల్ ఇన్‌పుట్, దాని పేరు వాయిస్‌మీటర్ ఆక్స్ ఇన్‌పుట్. ఏ1కి హెడ్‌ఫోన్. ఇక బటన్లు: మైకులకు బీ1, బీ2 వెలిగించి ఏ1 ఆర్పాలి. బ్రౌజర్‌కు ఏ1, బీ1, బీ2 మూడూ. జూమ్ మీటకు ఏ1, బీ2 మాత్రమే, బీ1 ఆర్పి ఉండాలి. జూమ్‌లో మైక్ బీ1. ఓబీఎస్‌లో మైక్ బీ2. అంటే బీ1 పిల్లల కాలువ, అందులో వాళ్ల గొంతు లేదు. బీ2 యూట్యూబ్ కాలువ, అందులో అందరూ ఉన్నారు. ఆర్పి ఉంచిన ఆ ఒక్క బటన్ మీదే క్లాసంతా నిలబడి ఉంది. సార్లు దాని మీద చిన్న ఎర్ర స్టిక్కర్ అంటించుకున్నారు, స్క్రీన్ మీదే.

ఒక్క మాట. ఓబీఎస్‌లో డెస్క్‌టాప్ ఆడియో కూడా ఆన్‌లో ఉంటే అదే శబ్దం రెండుసార్లు పడి, డబ్బాలో నుంచి వచ్చినట్టు వినిపిస్తుంది. బీ2 ఇచ్చాక దాన్ని మ్యూట్ చేయండి.

వాయిస్‌మీటర్ వేసుకున్నవాళ్ల నుంచి నాకు వచ్చే ఫోన్లు మూడు రకాలు. మొదటిది, కంప్యూటర్లో సౌండే పోయిందని. విండోస్ డిఫాల్ట్ స్పీకర్‌గా వాయిస్‌మీటర్ ఉండి, ఆ ప్రోగ్రాం తెరవకపోతే శబ్దం బయటికి రాదు. మెనూలో విండోస్‌తో పాటు మొదలయ్యేలా పెట్టుకోండి. రెండోది, చిటపటలు వస్తున్నాయని. ఇక్కడ శాంపిల్ రేటు, అంటే పరికరం సెకనుకు శబ్దాన్ని ఎన్నిసార్లు కొలుస్తుందో ఆ లెక్క, ఒక మైక్‌కు 44100 హెర్ట్జ్, హెడ్‌ఫోన్‌కు 48000 ఉన్నాయేమో చూడాలి. విండోస్ సౌండ్ సెట్టింగుల్లో ప్రతి పరికరాన్నీ, వాయిస్‌మీటర్‌తో సహా, 48000కి తెండి. వీడియో పనికి అదే వాడుక. మూడోది, హెడ్‌ఫోన్ తీగ లాగగానే అన్నీ ఆగిపోయాయని. ఏ1లో ఉన్న పరికరమే మొత్తానికి గడియారం. అది పోతే అన్నీ తడబడతాయి. మళ్లీ గుచ్చి, మెనూలో రీస్టార్ట్ ఆడియో ఇంజిన్ నొక్కితే సర్దుకుంటుంది. అందుకే ఏ1లో బ్లూటూత్ హెడ్‌ఫోన్ పెట్టవద్దు. పరికరం ఎంచుకునే జాబితాలో ఒకే పేరు ముందు డబ్ల్యూడీఎం, ఎంఎంఈ అని (విండోస్ ఆ పరికరంతో మాట్లాడే పద్ధతులు) రెండు మూడు ఉంటాయి. డబ్ల్యూడీఎం ఉన్నది తీసుకోండి, ఆలస్యం తక్కువ.

పొటాటో ఎవరికంటే, నాలుగైదు మైకులు ఒకే కంప్యూటర్‌కు పెట్టి చర్చలు నడిపేవాళ్లకు. మన దగ్గర అంత పని ఉన్నవాళ్లు తక్కువ. పైగా ముప్పై రోజుల తర్వాత డబ్బు కట్టమని గుర్తుచేస్తూ ఉంటుంది.

గేమ్స్ ఆడుతూ స్ట్రీమ్ చేసే కుర్రాళ్లకు వాయిస్‌మీటర్ కంటే స్టీల్‌సిరీస్ సోనార్ తేలిక. ఆ కంపెనీ హెడ్‌సెట్ లేకున్నా ఉచితంగా పనిచేస్తుంది. గేమ్, చాట్, మీడియా, మైక్ అని మీటలు ముందే పేర్లతో ఉంటాయి. స్ట్రీమర్ మోడ్‌లో మీకొక పాళ్లు, చూసేవాళ్లకొక పాళ్లు పెట్టుకోవచ్చు. గేమ్స్‌కు కాకుండా పాఠాలకైతే నేను దీన్ని సూచించను.

మ్యాక్, లైనక్స్

మ్యాక్‌లో బ్లాక్‌హోల్ అనేది మన వీబీ కేబుల్ లాంటిది. ఉచితం, ఓపెన్ సోర్స్. మ్యాక్‌లోనే ఉండే ఆడియో మిడి సెటప్ అనే ప్రోగ్రాంలో బ్లాక్‌హోల్‌నూ హెడ్‌ఫోన్‌నూ కలిపి మల్టీ అవుట్‌పుట్ డివైస్ తయారు చేస్తే ఒకే శబ్దం రెండు చోట్లకూ వెళ్తుంది. అక్కడ రెండు పరికరాల వేగం తేడా సర్దే డ్రిఫ్ట్ కరెక్షన్‌కు టిక్ పెట్టడం మరవకండి. అలా కలిపిన పరికరానికి కీబోర్డు వాల్యూమ్ బటన్లు పనిచేయవు, చెడిపోయిందని కంగారు పడవద్దు. డబ్బు పెట్టగలిగితే రోగ్ అమీబా వాళ్ల లూప్‌బ్యాక్ ఉంది. కాగితం మీద గీసిన గీతలనే స్క్రీన్ మీద గీసినట్టుంటుంది.

లైనక్స్ వాళ్లకు అసలు వేరే మిక్సర్ వెతకాల్సిన పని లేదు. పైప్‌వైర్ అనే వ్యవస్థ ఫెడోరాలో 2021 నుంచి, ఉబుంటులో 22.10 నుంచి డిఫాల్ట్‌గా ఉంది. దాని మీద క్యూపీడబ్ల్యూగ్రాఫ్ వేసుకుంటే ఏ ప్రోగ్రాం నుంచి ఏ ప్రోగ్రాంకైనా తీగ లాగవచ్చు.

పాడేవాళ్లకు పెట్టె మేలు

సాఫ్ట్‌వేర్ మిక్సర్ ఎంత మంచిదైనా ఆలస్యం ఉంటుంది. శబ్దాన్ని కొంత కొంతగా పోగేసి పంపే తొట్టినే బఫర్ అంటారు. 512 శాంపిళ్ల బఫర్ అంటే 48000 వేగంలో ఒక్క బఫర్‌కే 10.7 మిల్లీ సెకన్లు. లోపలికి ఒకటి, బయటికి ఒకటి, మధ్యలో విండోస్ తన వాటా. గాలిలో శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది కాబట్టి 20 మిల్లీ సెకన్లంటే మీ గొంతు దాదాపు ఏడు మీటర్ల దూరం నుంచి మీకే వినపడుతున్నట్టు. మాట్లాడేవాళ్లు దీన్ని పట్టించుకోకపోయినా ఫర్వాలేదు. ద్రుతకాలంలో స్వరకల్పన పాడేవాళ్లకు తాళం జారిపోతుంది.

అందుకని, పాడుతూ తమ గొంతు హెడ్‌ఫోన్‌లో వినాలనుకునేవాళ్లు ఆడియో ఇంటర్‌ఫేస్, అంటే మైక్‌కూ కంప్యూటర్‌కూ మధ్య పెట్టే పెట్టె, కొనుక్కోవాలి. అందులో డైరెక్ట్ మానిటర్ ఉంటుంది. గొంతు కంప్యూటర్ దాకా పోకుండానే పెట్టెలోంచి చెవికి వస్తుంది. కొనేటప్పుడు లూప్‌బ్యాక్ ఉందా అని అడగండి. లూప్‌బ్యాక్ అంటే కంప్యూటర్లో మోగేదాన్ని మైక్‌తో కలిపి మళ్లీ కంప్యూటర్‌కే ఇవ్వడం. ఫోకస్‌రైట్ స్కార్లెట్ నాలుగో తరం పెట్టెల్లో ఉంది. యమహా ఏజీ03 మీద అయితే టు పీసీ అనే చిన్న స్విచ్‌కు మూడు స్థానాలుంటాయి, అందులో చివరిది లూప్‌బ్యాక్.

ఇక్కడ దుకాణాల్లో ఎవరూ చెప్పని విషయం ఒకటుంది. లూప్‌బ్యాక్ కంప్యూటర్లో మోగే ప్రతిదాన్నీ తిప్పి పంపుతుంది, జూమ్‌లో అవతలివాళ్ల గొంతుతో సహా. కాబట్టి రికార్డింగ్‌కూ, ఫేస్‌బుక్, యూట్యూబ్ లైవ్‌కూ అది చక్కగా ఉంటుంది. ఎదుటివాళ్లు తిరిగి మాట్లాడే క్లాసుల్లో ఆన్ చేస్తే ఎకో ఖాయం. తక్కువ ధర యూఎస్‌బీ మిక్సర్లలో కొన్నింటికి ఈ తిప్పి పంపడం ఆపే స్విచ్చే ఉండదు. క్లాసుల కోసం కొంటుంటే, కంప్యూటర్ నుంచి వచ్చే శబ్దాన్ని కంప్యూటర్‌కు పోయే దారి నుంచి తప్పించే వీలుందో లేదో దుకాణంలోనే లాప్‌టాప్‌కు తగిలించి చూసి కొనండి.

మైక్ గురించి కూడా

మే నెలలో తిరుపతిలో ఫ్యాన్ ఆపి కూర్చోమనడం ధర్మం కాదు. అందుకే మన ఇళ్లకు డైనమిక్ మైక్ నప్పుతుంది. దగ్గర శబ్దాన్నే బాగా పట్టుకుంటుంది, గదిని అంతగా పట్టించుకోదు. నోటికి నాలుగు వేళ్ల దూరంలో, కొంచెం పక్కగా పెట్టుకోవాలి. కండెన్సర్ మైక్‌లో గొంతులోని సన్నని గమకం కూడా పడుతుంది. దాంతో పాటు పక్కింటి కుక్కర్ విజిల్, వీధిలో ఆటో హారన్ కూడా పడతాయి. ఎక్స్ఎల్ఆర్ (మూడు పిన్నుల తీగ) కండెన్సర్‌కు 48 వోల్టుల ఫాంటమ్ పవర్, అంటే ఆ తీగలోనే వచ్చే కరెంటు, కావాలి, ఇంటర్‌ఫేస్ ఇస్తుంది.

బండలు పరిచిన నేల, సిమెంటు గోడలు ఉన్న గదిలో ఎంత ఖరీదు మైక్ పెట్టినా గుయ్యిమంటుంది. మైక్ వెనక కాదు, మీ వెనక ఒక మందమైన బొంత వేలాడదీయండి. మైక్ చూస్తున్నది మీ వెనక గోడనే కదా. ఈ ఒక్క పని చేశాక నాయిస్ ఫిల్టర్ సగం తగ్గించుకోవచ్చు.

బ్లూటూత్ హెడ్‌సెట్ మైక్ మాత్రం వాడకండి. మైక్ ఆన్ కాగానే చాలా హెడ్‌సెట్లు ఫోన్ కాల్ పద్ధతికి మారి, వినపడేదీ వెళ్లేదీ రెండూ మొద్దుబారుతాయి. ఇంట్లో పాత ఇయర్‌ఫోన్ ఉంటే తీగతో అదే నయం.

అన్నీ కుదిరాక వాయిస్‌మీటర్ మెనూలో సేవ్ సెట్టింగ్స్ నొక్కి ఆ ఫైలును పెన్‌డ్రైవ్‌లో దాచుకోండి. విండోస్ అప్‌డేట్ తర్వాత అన్నీ మారిపోయినా ఒక్క నిమిషంలో తిరిగి తెచ్చుకోవచ్చు. ఆ తర్వాత ఇంకో ఫోన్‌లో వేరే పేరుతో మీ క్లాసులోకి మీరే చేరి, ఇంట్లో ఎవరినైనా మైక్ దగ్గర కూర్చోబెట్టి, మేడ మీదికి వెళ్లి వినండి. మీ కంప్యూటర్ ముందు కూర్చుని వింటే అవతలివాళ్లకు ఏం పోతోందో ఎప్పటికీ తెలియదు.

అక్క ఇంట్లోనూ అలాగే చేశాం. నేను ఫోన్ తీసుకుని మేడ మీదికి వెళ్లాను, ఆమె కింద తంబూరా పెట్టి ఊరికే కూర్చుంది. ముందు ఏమీ లేదు. షేర్ నొక్కిన క్షణం ఫోన్‌లోకి పంచమం, షడ్జం వచ్చాయి. మరుసటి రోజు పొద్దున ఆ పాప పాడిన స రి గ మ ప ద ని స అక్క నాకు వాట్సాప్‌లో పంపింది, శ్రుతిలో ఉంది.